పల్లకి ఎక్కని కామల నరసింహుడు

పూర్వం నల్లమల అంచున, వాగు ఒడ్డు తప్ప వేరే దారి లేని ఒక కొండపల్లెలో శ్రీ నరసింహస్వామి వెలసి భక్తుల పూజలందుకొంటూ ఉండేవాడు. స్వామికి ఉన్న ఐశ్వర్యమంతా ఒక పల్లకి. దాన్ని మోసే దండెలను ఆ ఊరి వడ్రంగి చెన్నోజుకు తండ్రి అయినవాడు, ముడి లేని చిరుమాను కర్రను ఏరి, ఏళ్ల తరబడి నీడన ఆరబెట్టి చెక్కాడు. చెన్నోజు కూడా పనిమంతుడే గాని, తండ్రికున్న ఓపిక అతనికి అబ్బలేదు. పారకు కామ, అంటే పట్టుకొనే పిడికర్ర, కావాలని వచ్చినవారికి ఆ పూట నరికిన కర్రనే చెక్కి, నూనె రాసి, నిగనిగలాడించి ఇచ్చేవాడు. పుచ్చుకొనేవారికీ తొందరే కనుక చాలాకాలం అది చెల్లిపోయింది.

ఒక ఏడు ఎడతెగని ముసురుకు కొండచరియ విరిగి, పల్లెకు ఎగువన వాగుకు అడ్డంగా పడింది. దాని వెనుక నీరు అంతకంతకూ పెరుగుతుండగా, అది ఒక్కసారిగా తెగితే పల్లె మిగలదని గ్రహించి, నీటిని మెల్లగా వదలడానికి జనమంతా పక్కనుంచి కాలువ తవ్వబూనారు. చెన్నోజు ఇచ్చిన పచ్చికామలు ఆ రాతినేలలో నాలుగు దెబ్బలకే వంగిపోయాయి. ఊడివచ్చిన పార ఒకటి అతని తమ్ముడు నాగోజు పిక్కనే చీల్చింది. ఆ నెత్తురు చూసి చెన్నోజు సిగ్గుతో కుమిలిపోయి, గుడి ముందు కూలబడ్డాడు.

అర్చకులైన సింగరాచార్యులు సంగతి విని, పల్లకి దండెలను ఊడదీసి తెచ్చి అతని ముందుంచారు.

"సామీ, మా నాయన చెక్కినవి ఇవి. నా చేత్తోనే కొయ్యమంటారా?" అన్నాడు చెన్నోజు.

"ఎండిన కర్ర ఊళ్లో ఇదొక్కటే గదా నాయనా. ఊరుంటే స్వామిని మోసేవాళ్లుంటారు. కొయ్యి. పాపమేదైనా ఉంటే స్వామి నన్నడుగుతాడులే."

చెన్నోజు కన్నీళ్లతోనే కోశాడు. ఆ రెండు దండెలకు పట్టుమని పది కామలైనా రావని అందరూ అనుకొన్నారు గాని, స్త్రీలతో సహా చేయి చాచిన ప్రతివారికీ ఒక కామ అందింది. ఒక్కటీ వంగలేదు, ఒక్కటీ చీలలేదు. పొద్దు వాలేసరికి నీరు కొత్త కాలువ పట్టి, బుద్ధిగా పల్లె పక్కనుంచి వెళ్లిపోయింది.

ఈ వార్త విన్న ఆ సీమ పాలకుడు పరమానందభరితుడై వెండి పల్లకి చేయించి పంపాడు. అందులో స్వామిని వేంచేపు చేసి ఎందరు భుజాలు పెట్టినా అది నేల విడిచి లేవలేదు. అప్పుడు నాగోజు కుంటుకుంటూ వచ్చి, తన కామను పక్కవాని కామతో జతచేసి అడ్డంగా పట్టగా, స్వామి పువ్వంత తేలికై వాటిపై కూర్చున్నాడు. నాటినుంచి ఆయన కామల నరసింహుడు, ఆ పల్లె కామలగట్టు.

ఆ వెండి పల్లకి, పాపం, ఈనాటికీ ముఖమంటపంలో ఖాళీగానే ఉంది. నరసింహ జయంతినాడు ఇంటికొకటిగా బాగా ఆరిన కామలను తెచ్చి, జతలుగా పట్టి, చేతులు మారుస్తూ స్వామిని ఊరేగిస్తారు. స్వామి కూర్చున్న ఆ కామలను మాత్రం ఎవరూ పూజలో పెట్టుకోరు. మర్నాడు తెల్లవారగానే పారలకు తొడిగి పొలానికి తీసుకుపోతారు.