సింహాసనం మీద సమీక్ష

ఎప్పటి మాటో చెప్పలేను గానీ, కుంభగిరి రాజ్యాన్ని ప్రచండసేనుడనే రాజు ఏలుతుండేవాడు. పేరుకు తగ్గ మనిషే. ఆయన సభలోకి వస్తే వందిమాగధులు ఇరవైనాలుగు బిరుదులు చదవాలి. అవి అయ్యేదాకా మీసం మీద చెయ్యేసుకుని నిలబడతాడు. చివరి బిరుదు కాగానే వెనక్కి చూడకుండా సింహాసనంలో కూర్చుంటాడు. ఎక్కడ కూర్చుంటున్నామో చూసుకోవడం మామూలు జనం పనిట. ఆ సభలో ఇంకో కట్టుబాటు కూడా ఉంది. రాజుగారి తల కన్నా ఎవరి తలా ఎత్తున ఉండకూడదు.

ఆ రాజ్యంలో అంబలి సుంకమని ఒకటుండేది. నాగలికి కుంచెడు చొప్పున రైతులు రాగులు కొలిచేవారు. ఎండాకాలంలో ఆ రాగులతో దారి పక్క చావళ్ళలో అంబలి కాచి, రాళ్ళు కొట్టేవాళ్ళకీ మూటలు మోసేవాళ్ళకీ పోసేవారు. ఊరి పొలిమేరలోని పెద్ద చావడి ఎర్రాయమ్మ చేతిలో ఉండేది. ఆస్థాన విదూషకుడు బుచ్చిలింగం చిన్నతనంలో తండ్రితో పాటు రాళ్ళు కొట్టి, ఆవిడ పోసిన అంబలి తాగి పెరిగినవాడే.

ఒక ఏడాది పట్టపుటేనుగులకు వెండి గొలుసులు చేయించేసరికి ఖజానా పల్చబడింది. మంత్రి దండపాణి వెంటనే రాబడీ ఖర్చుల మీద సమీక్ష పెట్టించాడు. ఎండలో తిరిగితే అధికారులకు తలనొప్పి వస్తుందని, చల్లగా ఉంటుందని, పుష్యమాసంలో బయల్దేరారు.

ఎర్రాయమ్మ చావడికి వచ్చేసరికి కుండలన్నీ బోర్లించి ఉన్నాయి.

"అంబలి తాగేవాళ్ళేరీ?" అన్నాడు అధికారి.

"చలికాలం కదయ్యా. ఎండలు ముదిరాక రండి, నిలబడ్డానికి చోటుండదు."

"అదంతా మాకనవసరం. ఇప్పుడు మనిషున్నాడా, లేడా?"

"లేడు."

రాసుకున్నారు. వెళ్ళిపోయారు.

చైత్రం రాగానే మంత్రి అధికారులు రాసుకొచ్చిన కాగితాల కట్టంతా సభలో చదివాడు. చావళ్ళన్నీ ఖాళీ, అంబలి దండగ ఖర్చు, మూసేయాలి అని తేల్చాడు.

"మరి అంబలి సుంకమో?" అన్నాడు రాజు.

"అది జనానికి అలవాటైపోయింది ప్రభూ. ఇప్పుడు మానిపిస్తే వాళ్ళకి తోచదు. ఉండనివ్వండి."

రాజు తలూపాడు.

ఆ సాయంత్రమే ఎర్రాయమ్మ బుచ్చిలింగం ఇంటికొచ్చింది. "ఒరే బుచ్చీ, ఎండలు ముదిరిపోతున్నాయి. అంబలి లేకపోతే ఆ రాళ్ళ దగ్గర మనుషులు సొమ్మసిల్లి పడిపోతార్రా. మీ రాజుకు నువ్వైనా చెప్పు."

"నేను చెబితే వినడత్తా, నవ్వుతాడు. నన్ను పెట్టుకున్నదే అందుకు."

అన్నాడే గానీ ఊరుకోలేదు. మర్నాడు సభలో చేతులు కట్టుకు నిలబడ్డాడు.

"ప్రభూ, నేనూ ఒక సమీక్ష చేస్తాను. మంత్రిగారి పద్ధతిలోనే. అంబలి కన్నా పెద్ద దండగ మూడు రోజుల్లో చూపిస్తాను. చూపిస్తే చావళ్ళు తెరిపించాలి."

"చూపించలేకపోతే?" అన్నాడు దండపాణి.

"కొలువు వదిలేసి రాళ్ళు కొట్టుకుంటాను."

రాజుకు సరదా పుట్టింది. వేలి ఉంగరం తీసి ఇచ్చాడు. "దండగని తేలింది ఏదైనా సరే, ఇది చూపించి తీయించెయ్. కానీ మంత్రి పద్ధతి ఏమాత్రం తప్పకూడదు."

మర్నాడు ఇంకా కోడి కూయకముందే బుచ్చిలింగం ఒక లేఖకుణ్ణి వెంటబెట్టుకుని సభామంటపానికి వెళ్ళాడు. కాపలా భటుడు ఆవలిస్తూ లేచాడు.

"ఈ సింహాసనంలో కూర్చునేవాళ్ళేరీ?"

"ప్రభువులింకా నిద్ర లేవలేదయ్యా. మూడో జాముకు గానీ రారు."

"అదంతా నాకనవసరం. ఇప్పుడు మనిషున్నాడా, లేడా?"

"లేడు."

రాసుకున్నారు. రెండో రోజూ అంతే, మూడో రోజూ అంతే. వింజామరలు వీచేవాళ్ళు ఆ వేళకు లేరు. వాళ్ళనీ రాసుకున్నారు.

మూడో రోజు మూడో జాముకు సభ నిండిపోయింది. వింజామరలు లేక అందరికీ చెమటలు కారుతున్నాయి. సింహాసనం లేదని చూసినవాళ్ళు ఉన్నారు గానీ, బిరుదులు చదువుతుండగా నోరు విప్పితే తల పోతుందని ఊరుకున్నారు. ఇరవైనాలుగో బిరుదు అయ్యింది. ప్రచండసేన మహారాజు వెనక్కి చూడకుండా కూర్చున్నాడు.

దబ్బున నేల మీద పడ్డాడు.

ఇక చూడాలి ఆ సభ. రాజుగారి తల నేలకు రెండు మూరల ఎత్తున ఉంది కదా, ఎవరి తలా అంతకు మించకూడదు. సేనాపతి బోర్లా పడుకున్నాడు. పండితులు ఒకరి మీదొకరు ఒరిగారు. దండపాణికి బొజ్జ అడ్డం. ఎటు దొర్లినా తలపాగా పైకే లేస్తోంది.

"బుచ్చిలింగా, నా సింహాసనమేదీ?" అని గర్జించాడు రాజు.

"పాత సామాను కొట్లో ఉంది ప్రభూ," అన్నాడు బుచ్చిలింగం, గడ్డం నేలకానించి. "మూడు రోజులూ పొద్దున్నే వచ్చి చూశాను. ఒక్కనాడూ అందులో మనిషి లేడు. తుడవడానికి నలుగురు, కాపలాకు ఆరుగురు. దండగని తేలింది, తమరి ఉంగరం చూపించి తీయించేశాను."

"మూర్ఖుడా, నేను మూడో జాముకు వస్తానని నీకు తెలీదూ?"

"తెలుసు ప్రభూ. అంబలి ఎండాకాలంలో తాగుతారని మంత్రిగారికీ తెలుసు. పద్ధతి తప్పకూడదని తమరే సెలవిచ్చారు."

రాజు మంత్రి వైపు తిరిగాడు.

"చావళ్ళు ఎప్పుడు చూశారయ్యా?"

"పుష్యమాసంలో ప్రభూ," అని తివాచీలోంచి వినబడింది.

రాజు ఆ మంత్రినీ, మునివేళ్ళతో నొక్కి పట్టుకున్న ఆ తలపాగానీ చూశాడు. ముందు మీసం వణికింది. తర్వాత పొట్ట కదిలింది. ఆ పైన నేల చరుస్తూ కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వాడు. ఆయన నవ్వాక అందరూ పడుకునే నవ్వారు.

"చావళ్ళు రేపే తెరవండి," అన్నాడు చివరికి. "సుంకం తీసుకున్నన్నాళ్ళూ అంబలి పోయాలి. అంబలి ఆగిన రోజు సుంకమూ ఆగాలి. దండపాణీ, వైశాఖంలో నడిమధ్యాహ్నం నువ్వే వెళ్ళి, గొడుగు లేకుండా వరసలో నిలబడి, మళ్ళీ సమీక్ష చెయ్. బుచ్చిలింగా, నీకు నూరు వరహాలు. రేపు పొద్దున్నే ఖజానాకు వెళ్ళి తీసుకో."

"ఇప్పుడే ఇప్పించండి ప్రభూ. పొద్దున్నే ఖజానాలో ఎవరూ ఉండరు. ఏ అధికారైనా చూశాడంటే దాన్నీ మూసేయమని రాసేస్తాడు."

రాజు మళ్ళీ నవ్వి, మెడలో హారం తీసి అక్కడికక్కడే అతని మెడలో వేశాడు. చావళ్ళు తెరుచుకున్నాయి, ఎర్రాయమ్మ కుండలు పొయ్యికెక్కాయి. సింహాసనం కూడా మళ్ళీ సభకొచ్చింది. కానీ ఆనాటి నుంచి ప్రచండసేన మహారాజు, ఇరవైనాలుగో బిరుదు కాగానే, ఒకసారి వెనక్కి చూసుకుని మరీ కూర్చునేవాడట.