రాజుగారింటికి చుట్టమొచ్చింది

ఒకానొక రాజ్యంలో దొంగలు లేరు. లేరని రాజుగారు శాసనం చేయించారు.

ఆ రాజు పేరు విజయభుజంగుడు. పొరుగు రాజ్యాల రాయబారులు వచ్చినప్పుడల్లా మీసం మెలేసి, "మా నగరంలో దొంగ అన్న మాటే వినిపించదు" అనేవాడు. ఆ మాట నిజమే. ఎలా నిజమైందో వినండి.

పూర్వం ఆ నగరంలో వీధికొక తలారి కాపలా ఉండేవాడు. ఎవరి కుక్క ఊరికే మొరుగుతుందో, ఏ ఇంటి గడియ వదులో అతనికి తెలుసు. ఎవరైనా "దొంగ!" అని కేక వేస్తే తలారి కంటే ముందు ఇరుగుపొరుగు రోకళ్ళు పట్టుకుని బయటికి వచ్చేవాళ్ళు. అప్పుడూ దొంగలు ఉండేవాళ్ళు. కాని వాళ్ళే వీధిని చూసి భయపడేవాళ్ళు.

తరువాత రణశూరయ్య అనేవాడు కొత్వాలు అయ్యాడు. నగరంలో దొంగతనాలు లేకుండా చేస్తే బంగారు కడియం తొడుగుతానని రాజు మాట ఇచ్చాడు. రణశూరయ్య ఆలోచించాడు. దొంగను పట్టడం కష్టం. పరుగెత్తాలి, గోడలు దూకాలి. దొంగ అన్న మాటను పట్టడం తేలిక. అది పేదవాడి నోట్లోనే ఉంటుంది, ఎక్కడికీ పారిపోదు.

మర్నాడే దండోరా వేయించాడు. "దొంగ అని అరిచినవాడు అక్కడికక్కడే దొంగను చూపించాలి. చూపించలేకపోతే, రాజ్యం పరువు తీసినందుకు వాడి నాలుక కోస్తారు. ఆ కేక విని తలుపు తీసినవాళ్ళకూ అదే శిక్ష!" తలారులను ఇళ్ళకు పంపేశారు. వాళ్ళ చేతికర్రలు కోట వంటశాలలో పొయ్యికింద కాలిపోయాయి.

ఊరు నోరు మూసుకుంది. శ్మశానంలోనూ అల్లర్లుండవు, దాన్ని శాంతి అని ఎవరూ అనరు. విజయభుజంగుడు అన్నాడు. అని, కొత్వాలు చేతికి కడియం తొడిగాడు.

ఆ కొలువులో తిప్పరాజు అనే భట్టు ఉండేవాడు. రాజు సభకు వచ్చేటప్పుడు ముందు నిలబడి, "రాజాధిరాజా, బహుపరాకు!" అని కంఠమెత్తి పలకడం అతని ఉద్యోగం. ఏళ్ళ తరబడి పలుకుతున్నాడు, రాజు ఏళ్ళ తరబడి మురుస్తున్నాడు.

ఒకరోజు తిప్పరాజు ఒక చేట కొందామని మేదరవీధికి వెళ్ళాడు. వెదురు చీల్చే చప్పుడుతో, పిల్లల మీద తల్లుల కేకలతో దద్దరిల్లే వీధి అది. ఆ రోజు గుసగుసలు తప్ప మరేమీ వినబడలేదు. అరుగు మీద ఒక అవ్వ పక్కింటామెతో గొంతు తగ్గించి అంటోంది.

"రాత్రి మా ఇంటికి చుట్టమొచ్చాడే."

"అయ్యో! ఏం పట్టుకెళ్ళాడు?"

"బియ్యం కుండ."

"నయం. మా చుట్టం పసిదాని వెండి మొలతాడు కూడా వదల్లేదు."

తిప్పరాజు నవ్వబోయి ఆగిపోయాడు. చీకటి పడ్డాక పామును పాము అనరు, పురుగు అంటారు, పేరెత్తితే వస్తుందని. ఈ వీధి పట్టపగలే దొంగను చుట్టం అంటోంది, పేరెత్తితే కొత్వాలు వస్తాడని.

అతను ఎప్పుడూ చేటలు కొనే ఇంటి ముందు ఓబుళమ్మ కూర్చుని ఉంది. ఒళ్ళో సగం అల్లిన చేట ఉంది. చేతులు కదలడం లేదు.

"పుల్లయ్య ఏడమ్మా?" అని అడిగాడు.

ఆమె వీధికి అటూ ఇటూ చూసింది. "కోట చెరసాలలో ఉన్నాడయ్యా. చుట్టం మా పాడిమేకను తోలుకుపోతుంటే నిద్రమత్తులో కేకేశాడు. పాత అలవాటు గదా, ఆ మాటే అరిచాడు. చుట్టం గోడ దూకేశాడు. కొత్వాలు మనుషులు మాత్రం పిలిచినట్టే వచ్చారు."

"ఇరుగుపొరుగు ఎవరూ తలుపు తీయలేదా?"

"తియ్యలా. వాళ్ళను అనడానికి నాకు నోరు లేదయ్యా. అంతకుముందు పక్కింటివాళ్ళు అరిస్తే నేనూ తియ్యలా." ఆమె చేట అంచును గట్టిగా పట్టుకుంది. "రేపు పున్నమి. పొద్దు గుంకే వేళకు మా ఆయన నాలుక కోస్తారంట."

 తిప్పరాజు తిండీ, అతని ఇంటిల్లిపాది తిండీ నాలుక మీదే ఉంది. పట్టుకారుతో దాన్ని లాగడం, కత్తి మెరవడం కళ్ళకు కట్టినట్టు కనిపించింది. ఇదంతా విననట్టే ఇంటికి పోదామనుకున్నాడు. నాలుగడుగులు వేశాడు కూడా. మళ్ళీ ఏమనుకున్నాడో వెనక్కి వచ్చాడు.

"ఓబుళమ్మా, రాజుగారింటికి చుట్టంగా వెళ్ళే ధైర్యం ఉందా?"

ఆమెకు అర్థమైంది. 

"ధైర్యమా? నా కాళ్ళు చూడండి, ఎట్లా వణుకుతున్నాయో," అంది. "వెళ్తాను."

మర్నాడు పొద్దున సభ తీరింది. తిప్పరాజు చేతులు కట్టుకుని ముందుకు వచ్చాడు.

"మహాప్రభూ, నిన్న మేదరవీధికి వెళ్ళాను. ఏలినవారి చల్లని పాలనలో ఆ వీధి వైభోగం ఏమని చెప్పను? ఏ ఇంట విన్నా చుట్టమొచ్చాడన్న మాటే!"

కొత్వాలు రణశూరయ్యకు ఆ మాట అర్థం తెలుసు. కాని విప్పి చెప్పాలంటే నగరంలో దొంగలున్నారని ఒప్పుకోవాలి. కడియం సవరించుకుని నేల చూపులు చూశాడు.

రాజు ముఖం చిన్నబోయింది. "బుట్టలల్లేవాళ్ళ ఇళ్ళకు రోజూ చుట్టాలా? మరి నా కోటకు ఒక్కరూ రారేం?"

"కాపలా చూసి జంకుతున్నారు ప్రభూ."

"అయితే ఇదే నా ఆజ్ఞ. ఈ రోజు నా గడప తొక్కే చుట్టాన్ని ఎవరూ ఆపకూడదు. వచ్చేటప్పుడు గాని, పోయేటప్పుడు గాని బుట్టా మూటా విప్పించకూడదు!"

"చిత్తం. ఒక్క సందేహం, ప్రభూ. తమ శాసనాలు వీధికి వేరు, కోటకు వేరు కావు గదా?"

"వీధైనా కోటైనా నా శాసనం ఒక్కటే!" అని రాజు గద్దె మీద చరిచాడు.

మధ్యాహ్నం ఓబుళమ్మ నెత్తిన మూతబుట్ట పెట్టుకుని కోటకు వచ్చింది. "రాజుగారి చుట్టాన్ని" అంది. భటులు దారి ఇచ్చారు. రాజు చుట్టం కోసం ఎదురు చూసి చూసి, భోజనం చేసి, హంసతూలికాతల్పం మీద గురక పెడుతున్నాడు. కిరీటం పక్కనే పీట మీద ఉంది.

ఓబుళమ్మ రెండు చేతులా కిరీటం ఎత్తింది. దాని ముత్యాలు గలగలమన్నాయి. రాజు అటు నుంచి ఇటు పొర్లాడు.  పుల్లయ్య మాట గుర్తుకు తెచ్చుకుంది. అతను ఆమెను పిలిచే పిలుపు. సాయంత్రం తరువాత అది మళ్ళీ వినబడదు. గురక మళ్ళీ మొదలైంది. కిరీటం బుట్టలోకి వెళ్ళింది.

వాకిట్లో భటులు వంగి, "మళ్ళీ రండి, చుట్టంగారూ" అన్నారు.

కాసేపటికి రాజు లేచాడు. పీట తడిమాడు, పరుపు దులిపాడు.  కోట కప్పు అదిరేలా అరిచాడు.

"దొంగ! దొంగ!"

ఎవరూ రాలేదు.

వరండాలో నడుస్తున్న భటుల అడుగులు ఆగిపోయాయి. వంటశాలలో గరిటెల చప్పుడు ఆగిపోయింది. ఎక్కడో ఒక తలుపు మూసుకుంది. ఇంకో తలుపు. అంతఃపురంలో గడియ పడింది. రాణిగారిదే ఆ చెయ్యి.

రాజు వాకిట్లోకి పరుగెత్తాడు. భటులు గోడ వైపు ముఖాలు పెట్టి, రెండు చేతులతో చెవులు మూసుకుని నిలబడి ఉన్నారు. "ఒరేయ్, నేనురా! మీ రాజుని!" అని అరిచాడు. వాళ్ళలో ఒక్కరూ తల తిప్పలేదు. ఇంత పెద్ద కోటలో, ఇన్ని ఈటెల మధ్య, అతనికి తన గొంతు తప్ప మరేమీ వినిపించలేదు. పుట్టి బుద్ధెరిగి అంతగా భయపడిందీ లేదు.

అప్పుడు కిర్రుచెప్పుల చప్పుడు దగ్గరైంది. హమ్మయ్య అనుకున్నాడు రాజు. ఆ వెంటనే కొత్వాలు గొంతు వినబడింది.

"అరిచింది ఎవడైనా సరే, ముందు దవడలు పట్టుకోండి! పట్టుకారు ఇటివ్వు!"

మలుపు తిరిగి రణశూరయ్య ఎదురుగా వచ్చాడు. ఒక చేతిలో పట్టుకారు, ఒక చేతిలో కత్తి. రాజును చూసి బిగుసుకుపోయాడు. రాజు చెయ్యి తనకు తెలియకుండానే నోటికి అడ్డం వెళ్ళింది.

స్తంభం వెనక నుంచి తిప్పరాజు గొంతు మోగింది. "రాజాధిరాజా, బహుపరాకు!"

"భట్టూ! నీ పొగడ్తకు ఇదా సమయం?"

"పొగడ్త కాదు ప్రభూ. సభలో పరాకంటే హెచ్చరిక. మేదరవీధిలో పరాకంటే ఏమరుపాటు. ఇన్నాళ్ళూ ఏ అర్థంతో పలికానో నాకే తెలియదు. ఇవాళ రెండు అర్థాలతోనూ పలికాను." అతను స్తంభం చాటు నుంచి ముందుకు వచ్చాడు. "తమరు ఆ మాట అరిచారు. దొంగను చూపించలేదు. వీధైనా కోటైనా శాసనం ఒక్కటే అన్నారు."

బయటికి పోయినట్టే పోయి అతని వెనకే దాగి ఉన్న ఓబుళమ్మ ముందుకు వచ్చి, బుట్ట దించి మూత తీసింది. కిరీటం తళుక్కుమంది.

"నువ్వా దొంగవి?" అని రాజు గర్జించాడు.

"కాదు మహాప్రభూ, చుట్టాన్ని. తమ భటులే చుట్టంగారూ అన్నారు." ఆమె గొంతు సన్నగా పలికింది. "మా ఇంటికొచ్చిన చుట్టం మేకను పట్టుకెళ్ళాడు. తమరింటికొచ్చిన చుట్టం కిరీటం పట్టుకెళ్ళింది. ఎవరి స్తోమతకు తగ్గ చుట్టాలు వాళ్ళకు. మా ఆయన అరిచినప్పుడూ ఇట్లాగే ఎవరూ రాలేదు. వీళ్ళు మాత్రం వచ్చారు."

రాజు కొత్వాలు వైపు తిరిగాడు. "చుట్టమంటే ఇదా? నీకు తెలుసా?"

"తెలుసు గాని... ఆ మాట నోటితో అనకూడదు గదా, ప్రభూ?" అన్నాడు రణశూరయ్య.

 రాజు నవ్వడం మొదలుపెట్టాడు. కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. అయితే నవ్వుతున్నంతసేపూ ఒక చెయ్యి నోటి దగ్గరే ఉంచుకున్నాడు.

"గెలిచావు భట్టూ! ఏం కావాలో కోరుకో."

"పుల్లయ్య నాలుక ఇప్పించండి ప్రభూ. ఉన్నచోట ఉన్నట్టుగా."

రాజు అదీ ఇచ్చాడు, పట్టుశాలువా కూడా కప్పాడు. శాసనం రద్దు చేశాడు. కడియం ఊడదీయించి, దాన్ని కరిగించిన సొమ్ము తలారుల జీతానికి కేటాయించాడు. రణశూరయ్యను మేదరవీధి తలారి చేతికింద గస్తీకి వేశాడు.

సాయంత్రానికి పుల్లయ్య ఇల్లు చేరాడు. శాసనం రద్దయిందని దండోరా అప్పటికే వేశారు. ఎవరూ నమ్మలేదు. రాజు మాట పూటలో మారుతుంది, జనం భయం పూటలో పోదు. వీధి పొడుగునా తలుపులు బిగించే ఉన్నాయి.

పుల్లయ్య ఇంట్లోకి పోలేదు. వీధి నడుమ నిలబడి, ఊపిరి పీల్చుకుని అరిచాడు.

"దొంగ!"

ఓబుళమ్మ అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది. చప్పుడు లేదు. కుక్క కూడా మొరగలేదు.

ఎక్కడో ఒక గడియ కిర్రుమంది. రోకలి పట్టుకుని అవ్వ బయటికి వచ్చింది. ఎదురింటి తలుపు తెరుచుకుంది. తరువాత పక్కింటిది. ఆ తరువాత ఏది ముందో ఏది వెనకో తెలియకుండా వీధంతా తలుపులే.

"ఏడిరా వాడు? ఎటు పోయాడు?"

"ఎవడూ లేడవ్వా," అన్నాడు పుల్లయ్య. "మీరు తలుపులు తీస్తారో లేదో చూద్దామని."

"నీ నాలుక కోసినా పోయేదిరా!" అంది అవ్వ, రోకలి దించకుండానే.