మూతలేని కందెన గంగాళాలు

అనంతభూపతి మహారాజు కొత్త రథమెక్కి ఊరేగారు. ఇరుసు కీచుమంది. వీధి పొడుగునా కీచుమంటూనే ఉంది. పొరుగు రాజ్యం రాయబారులు ఉత్తరీయాలు నోటికి అడ్డం పెట్టుకుని మరీ నవ్వారు.

రాజుగారు దిగీ దిగగానే చక్రం ఊడదీయించారు. ఇరుసుకు పూసిన కందెన నిండా ఇసుక!

"పొద్దుగూకేలోగా ఇది ఎవరి పనో తేలాలి. వాడు కోట వదిలి పోవలసిందే!"

రథశాల అధికారి భుజంగరాయుడు వెంటనే ముసలి సూరప్పను ముందుకు తోశాడు. ఇరుసులకు కందెన పూసేది సూరప్పే.

"వీడే ప్రభూ! నా గంగాళాల్లోది నెయ్యిలాంటి సరుకు. ఇసుకంతా వీడి వెదురు గొట్టంలోదే."

సూరప్పకు ఒళ్లు మండింది.

"నా గొట్టానికి బిరడా లేని పూట లేదు. మూతల్లేనివి తమరి గంగాళాలు. రథానికి వాటిల్లోదే పుయ్యమని తమరే కదా..."

"నోర్ముయ్ రా!"

సూరప్ప చెప్పింది నిజం. కందెనను నీడన, మూతపెట్టి, దివిటీలకు దూరంగా ఉంచాలి. అంతమాత్రం తెలియనివాడికి రథశాల ఎందుకిచ్చారో రాజుగారినే అడగాలి. ఇత్తడి మెరుపు నలుగురికీ కనబడాలని భుజంగరాయుడు గంగాళాలను గుర్రాలు తిరిగే వాకిట్లో వరసగా పెట్టించాడు. డెక్కల దుమ్ము ఇంకెక్కడ పడుతుంది?

తగువు సభకెక్కింది. అక్కడ కొమ్మన అనే మాటకారి ఉన్నాడు. ఒక గంగాళాన్నీ, సూరప్ప గొట్టాన్నీ తెప్పించి పక్కపక్కన పెట్టించాడు.

"భుజంగరాయలవారూ, మీ గంగాళంలో ఇసుక లేదని ప్రమాణం చేస్తారా?"

"రాజుగారి పాదాల సాక్షి! రేణువు లేదు."

"అయితే ప్రభూ, తీర్పు తర్వాత చెబుదురు గాని. సాయంత్రం రాయబారులకు విందు. పాపం, రాయలవారి మీసం నెరిసింది. ఇది ఆముదంలో గడ్డిమసి కలిపిన కందెన. రాస్తే నిగనిగలాడుతుంది."

రాజుగారికి హుషారొచ్చింది.

"రాయవయ్యా, భుజంగం! ఇక్కడే, ఇప్పుడే!"

భుజంగరాయుడు గంగాళం వంక చూశాడు. మీసం మీద చెయ్యి వేసుకున్నాడు. తర్వాత మెల్లిగా వెదురు గొట్టం బిరడా లాగి, అందులో వేలు పెట్టాడు.

కొమ్మన ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"నెయ్యిలాంటిది పక్కనే ఉండగా, ఇసుక గొట్టం మీద మనసు పడ్డారేం?"

రాజుగారు తామే గంగాళంలో వేలు ముంచి రుద్ది చూశారు. గరగరలాడింది. వేలితోపాటు ఒక గుర్రపు వెంట్రుక కూడా పైకొచ్చింది.

సభ గొల్లుమంది. రాజుగారు నవ్వలేక కడుపు పట్టుకుని, చేతి కడియం తీసి కొమ్మనకు తొడిగారు. కోట వదిలి పొమ్మన్న మాట మాఫీ చేసి, గంగాళాలన్నీ లోపలికి మోసి మూతలు పెట్టే పని భుజంగరాయుడి నెత్తినే వేశారు. ఆయన తల వంచుకుని బయల్దేరాడు.

సూరప్ప మాత్రం నవ్వలేదు.

"అయ్యగారూ, ఎక్కడికి? ముందు నా గొట్టానికి బిరడా పెట్టి కదలండి!"