గవరమ్మ మలుపు

అనగా అనగా, మన కొండదారి ఇంకా తారు మొహం చూడని కాలం. అప్పుడు కొండ దిగేవన్నీ చింతపండు బళ్లే.

వాటిలో ఒకటి దాలినాయుడిది. అతని పెళ్లాం గవరమ్మ. ఆవిడ ఎడంకాలు పుట్టుకతోనే లోపలికి తిరిగి ఉండేది. నవ్వకండర్రా, ఊరు నవ్వింది చాలు. బండి దిగుతుంటే రాయి పట్టుకుని చక్రం పక్కన నడవడం ఆవిడ పని. బండి జారితే ఆ రాయి చక్రం కింద పెట్టాలి.

ఓ ఏడు ఆ బండి ఎడంపక్కకి లాగడం మొదలెట్టింది. ఎడంపక్కంటే లోయ. గవరమ్మ చక్రం మీది ఇనప పట్టా తడిమింది. లోపలి అంచు ఒక్కటే అరిగిపోయి ఉంది.

"ఇరుసు వంకర పోనాది మావా. సెయ్యెట్టి సూడు," అంది.

"ఎడమెద్దుకి బద్ధకమే," అన్నాడు. చెయ్యి పెట్టలేదు. ఎద్దుని మార్చాడు.

కొత్తెద్దు వచ్చినా బండి లోయవైపే లాగింది.

"ఇరుసే మావా. సెయ్యెట్టి సూడు."

"పట్టా పాతదైపోనాదే," అన్నాడు. చెయ్యి పెట్టలేదు. కొత్త పట్టా వేయించాడు.

కొత్తదీ అదే అంచున అరిగింది. గవరమ్మ తన ఎడమ చెప్పు విప్పి చూపించింది. అదీ లోపలి అంచునే అరిగి ఉంది.

"కొత్తవెన్ని కొన్నా ఇలాగే అరుగుతాయి. తప్పు సెప్పుది కాదు, కాలుది. మన బండీ అంతే. సెయ్యెట్టి సూడు మావా."

దాలినాయుడు చెడ్డవాడేం కాదు. పెళ్లామంటే ప్రాణం. కానీ బండి సంగతి ఆడది చెబితే వినడమా అనుకున్నాడు, వెర్రినాయన.

"ఈ సంతకెళ్లొచ్చి ఇరుసు విప్పిద్దాంలేయే," అన్నాడు.

ఆ సంతకి దిగుతుంటే వాన పట్టుకుంది. మలుపులో బండి లోయవైపు లాగేసింది. అతను పగ్గాలు బిగబట్టాడు. గవరమ్మ రాయి వేసింది. అరిగిన అంచు రాయి మీంచి జారిపోయింది. ఇంకో రాయి వేసింది. అదీ జారింది. మూడో రాయి దొరకలేదు. చక్రానికి తన భుజమే అడ్డం పెట్టింది.

బండి ఆగింది. ఎద్దులు బతికాయి. దాలినాయుడు బతికాడు. గవరమ్మ లేదు.

ఆవిణ్ణి ఒళ్లో పెట్టుకుని అప్పుడు, అప్పుడు పెట్టాడు చక్రం మీద చెయ్యి. లోపలి అంచు కొడవలిలా పల్చగా తగిలింది.

"సూశానే గవరా," అన్నాడు. "సూశానే, సూశానే" అంటూనే ఉన్నాడు. వినడానికి ఎవరున్నారు?

మళ్లీ అతను బండి కట్టలేదు. మలుపుకి పైన పాక వేసుకుని, వచ్చిన ప్రతి బండికీ అడ్డంపడేవాడు. "సెయ్యెట్టి సూసుకోండి బాబూ" అని దండం పెట్టేవాడు. చచ్చేదాకా అదే పని.

ఇప్పుడు లారీలు దిగుతున్నాయి. ఆ పాక ఉన్న చోట ప్రతి డ్రైవరూ బండి ఆపుతాడు. దిగి, టైరు లోపలి అంచు అరచేత్తో తడుముతాడు. ఓ పక్కే అరిగిందా, లారీ వెనక్కి తిప్పి, చక్రాల వంకర తీసే ఎలైన్‌మెంటు చేయించుకున్నాకే దిగుతాడు. సమంగా ఉందా, లోయవైపు తిరిగి "సూశానమ్మా, ఎల్లొత్తాను" అంటాడు.

ఆ ఒక్క మాట ఆవిడ బతికుండగా వినుంటే ఎంత బాగుండేది.