మా పేట పడవలన్నీ వచ్చేశాయి

ఏదైనా అడిగితే పురుషోత్తం మాస్టారు వెంటనే జవాబు చెప్పరు. చెప్పులేసుకుని "పద" అంటారు. పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పిన రోజుల నుంచీ ఇదే వరస. రిటైరయ్యాక, వేటకెళ్ళిన మత్స్యకారులకు గాలివాన హెచ్చరికలు పంపే ఒక చిన్న సంస్థలో పెద్దదిక్కుగా చేరినా ఆ అలవాటు పోలేదు. జవాబు కోసం వెళ్ళినవాళ్ళు కాళ్ళనొప్పులతో తిరిగిరావడం ఆ ఆఫీసులో మామూలే, దాని మీద నవ్వుకోవడమూ మామూలే. శిష్యురాలు హైమవతి ఒక సాయంత్రం వేసిన ప్రశ్నకు మాత్రం ఎవరూ నవ్వలేదు.

"మాస్టారూ, యంత్రం అబద్ధం చెప్పలేదు. నేనూ చెప్పలేదు. మరి తప్పెక్కడ జరిగింది?"

తప్పు జరిగిన మాట నిజం. ఆ సంస్థ పనంతా ఎక్కడో దూరాన అద్దెకు తీసుకున్న కంప్యూటర్ల సమూహం మీద నడుస్తుంది. దాన్ని క్లస్టర్ అంటారు. అందులో పెత్తనం చేసే భాగం ఒకటి, దాని కింద ఒళ్ళొంచి పనిచేసే యంత్రాల గుంపులు కొన్ని. ఒక్కో గుంపు తీరంలో ఒక్కో వైపు పేటలకు ఫోన్లు చేసి, గాలి లేస్తోంది, ఒడ్డుకు తిరగండి అని చెబుతుంది. ఆ ఉదయం అన్నిటికీ అప్‌డేట్ పెట్టారు. అది ముగిసిందో లేదో చూసే పని హైమది. ఆమె ఏపీఐ ద్వారా, అంటే యంత్రాన్ని నేరుగా ప్రశ్నించే దారిలో, క్లస్టర్ పేరు చెప్పి, జరిగిన అప్‌డేట్లన్నీ చూపించమంది. జాబితా వచ్చింది. శ్రద్ధ గల పిల్ల కాబట్టి అందులో ఒక్కోదాన్నీ విడిగా అడిగి చూసింది. అన్నీ సఫలమే. "అంతా అయింది" అని అందరికీ చెప్పి కాఫీకి లేచింది.

క్లస్టర్ పేరు చెప్పి అడిగితే అది పైన పెత్తనం చేసే భాగం సంగతే చెబుతుంది. కింది గుంపు సంగతి కావాలంటే ఆ గుంపును పేరుపెట్టి అడగాలి. ఇది హైమకు తెలియక కాదు. అన్నీ సఫలం అన్న మాట కంటపడ్డాక ఇంకా అడగాలని తోచలేదు, అంతే. మనలో చాలామందికి తోచదు. దక్షిణం వైపు పేటలను చూసే గుంపులో అప్‌డేట్ సగంలో విఫలమైంది, ఆ యంత్రాలు ఫోన్లు చేయడం మానేసి కూర్చున్నాయి. మధ్యాహ్నం గాలి లేచింది. మాస్టారు భోజనం చేసి వచ్చి గుంపుగుంపునూ పేరుపెట్టి అడిగితేగానీ సంగతి బయటపడలేదు. అప్పటికప్పుడు సరిచేసి ఫోన్లు చేయించారు. కానీ ఈలోగా కొన్ని పడవలు ఫోను అందే దూరం దాటిపోయాయి.

హైమ ప్రశ్న విని మాస్టారు ఆమెను తిట్టనూ లేదు, ఓదార్చనూ లేదు. చెప్పులేసుకున్నారు.

కారు దక్షిణం వైపు వెళ్ళి నీలాలపేట దగ్గర ఆగింది. ఒడ్డున గాలి ఇంకా విసురుగానే ఉంది. పడవలను ఇసుక మీదికి లాగి, జనం వలలు దులుపుకుంటున్నారు. అప్పన్న అనే పేట పెద్ద ఒక పడవకు ఆనుకుని చుట్ట వెలిగించుకోవడానికి గాలితో తంటాలు పడుతున్నాడు. హైమ పరుగులాంటి నడకతో ఆయన దగ్గరికి వెళ్ళింది.

"పెద్దాయనా, పడవలన్నీ వచ్చేశాయా?"

"వొచ్చేసినాయమ్మా. పోను ఆలీసంగా వొచ్చింది గానీ, మావోళ్ళు దగ్గిరలోనే ఉన్నారు. మా పడవొక్కటీ బయట నేదు. గంగమ్మ తల్లి సల్లగా సూసింది."

ఆ మాట వినగానే హైమ ఇసుకలో చతికిలబడి కాసేపు ఏడ్చింది. మధ్యాహ్నం నుంచీ గుండెల్లో పెట్టుకున్న భయం అది, ఏడిస్తేగానీ దిగదు. తర్వాత కళ్ళు తుడుచుకుని ఫోను తీసింది. పడవలన్నీ వచ్చేశాయని ఆఫీసుకు చెప్పడానికి సందేశం రాయడం మొదలుపెట్టింది.

మాస్టారు సముద్రం వైపు చూడటం లేదు. ఒడ్డు చివర, జనానికి ఎడంగా, కొంగు తలకు చుట్టుకుని ఒక్కతే నిలబడిన మనిషి వైపు చూస్తున్నారు.

"ఆవిడెవరమ్మా?" అన్నారు.

హైమ రాస్తున్నది ఆపి లేచి వెళ్ళింది. ఆ మనిషి పేరు కాసులమ్మ. చూపు నీళ్ళ మీద నుంచి తిప్పకుండానే మాట్లాడింది.

"మా మావ ఇంకా రానేదమ్మా."

"అన్ని పడవలూ వచ్చేశాయని పెద్దాయన అన్నారే!"

"ఆల పేటయి వొచ్చేసినాయి. మాది ఆ ఏటిగెడ్డ అవతల పేట. గాలిరోజున మా పడవలూ ఇక్కడే ఒడ్డెక్కుతాయి. మా గురించి ఎవులడిగినారు?" తనలో తాను అనుకుంటున్నట్టు, "ఎప్పుడూ గాలికి ముందే పోనొచ్చీది. ఇయ్యాలే ఎందుకో రానేదు" అంది.

తల ఊపి ఊరుకుంటే సరిపోయేది. అక్కడ హైమ ఎవరో ఎవరికీ తెలియదు. కానీ ఆమె ఊరుకోలేకపోయింది.

"ఆ ఫోను వెళ్ళిందో లేదో చూడాల్సింది నేనేనమ్మా. సరిగా చూడలేదు."

కాసులమ్మ అప్పుడు తల తిప్పి చూసింది. తిడుతుందనుకుంది హైమ. తిట్టినా బాగుండేది.

"అయితే ఇక్కడే ఉండు. మా మావొచ్చీదాకా కదలకు."

హైమ కదలలేదు. ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డారు. మాస్టారు వెనక ఇసుకలో కూర్చున్నారు. నీలాలపేట వాళ్ళు వలలు సర్దుకుని ఇళ్ళకు పోయారు. అప్పన్న పోబోతూ వీళ్ళను చూసి సంగతి గ్రహించినట్టున్నాడు, చుట్ట పారేసి తానూ వచ్చి నిలబడ్డాడు. వెలుతురు పలచబడుతోంది. చీకటి పడితే ఆ కెరటాల్లో ఒడ్డు తెలియదని అక్కడ అందరికీ తెలుసు, హైమకు కూడా అప్పటికి అర్థమైంది. ఆ కాసేపట్లో ఆమె దేవుడికి ఎన్నెన్ని మొక్కులు మొక్కుకుందో ఆమెకే తెలియాలి.

నీళ్ళూ ఆకాశమూ ఒకటే రంగుకు తిరిగే వేళకు, కెరటం మీద నల్లగా ఏదో లేచి మళ్ళీ మునిగింది. ముందు చూసింది కాసులమ్మే. అరవలేదు, నడుం లోతు నీళ్ళలోకి వెళ్ళిపోయింది. అప్పన్న పెట్టిన కేకకు పేట నుంచి మనుషులు పరిగెత్తుకొచ్చి పడవను లాగారు. లోపల వల లేదు. బరువు తగ్గించుకోవడానికి కోసి వదిలేశారట. ఏడాది బతుకు ఆ వల. కాసులమ్మ మొగుడు ముసలయ్య దిగీదిగగానే ఆమె అతని రొమ్ము మీద రెండు చేతులతో కొట్టి, ఆ చేతులతోనే పట్టుకుని బావురుమంది. హైమకు ఆ సంతోషంలో పాలుపంచుకోవడానికి మొహం చెల్లలేదు. కోసేసిన వల ఆమె కళ్ళ ముందే ఉంది.

"ఇంక అందరూ వొచ్చేసినట్టే. ఎల్లండమ్మా, పొద్దుపోనాది" అన్నాడు అప్పన్న.

హైమ ముసలయ్య దగ్గరికి వెళ్ళింది. "మీ వెనక ఇంకెవరైనా ఉన్నారా?"

"మా పేటోళ్ళల్లో ఆఖరు మేమే" అన్నాడతను, వణుకుతూనే. "ఆపైన సరుగుడు తోటల కాడ ఇంకో పేటుంది. ఆల సంగతి నానెలా సెప్తాను? ఆలనే అడగాల."

హైమ ఫోను తీసి, సగం రాసిన సందేశం చెరిపేసింది. చెప్పులు చేతబట్టుకుని సరుగుడు తోటల వైపు నడవడం మొదలుపెట్టింది. ఈసారి "పద" అని ఎవరూ అనలేదు. మాస్టారే లేచి, ఇసుక దులుపుకుని ఆమె వెనక నడిచారు.

కొంత దూరం పోయాక మెల్లగా అన్నారు.

"ఆ పెద్దాయన కూడా అబద్ధం చెప్పలేదమ్మా."