ఉన్నిదాన శిఖామణి

నల్లకొండ అడవిలో జంతువులకి ఒక సోదర సంఘం ఉండేది. పేరు గొప్ప, ఊరు దిబ్బ! అధ్యక్షుడు ఎవరనుకున్నారు? నక్కే.

చలికాలం ఇంకా రాకముందే నక్క గొర్రె ఇంటికొచ్చింది.

"అక్కా, ఈసారి మన సంఘం పేదలకి కంబళ్ళు పంచుతోంది. నీ ఉన్ని ఇస్తే పుణ్యం."

"చలి ముందుంది కదా తమ్ముడూ. పైగా నేను చూలుతో ఉన్నాను."

"నీకు చలేస్తే చూస్తూ ఊరుకోడానికి మేం చచ్చామా? మొదటి కంబళి నీ ఇంటికే పంపిస్తా. అన్నదమ్ముల మాట!"

గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందని ఊరికే అన్నారా? ఒళ్ళంతా గొరిగించుకుని ఇచ్చేసింది. సాలీళ్ళు కూర్చుని నాలుగు కంబళ్ళు నేశాయి.

పుష్యమాసంలో గొర్రె ఈనింది. ఎముకలు కొరికే చలి. తల్లి ఒంటిమీద బొచ్చు లేదు, పిల్ల ఎంత దగ్గరికి దూరినా వెచ్చబడటం లేదు. కంబళి చూస్తే రానే లేదు. ఆ రోజే సంఘం కంబళ్ళు పంచే సభ. తెల్లవారగానే పిల్లని ఇంట్లో పడుకోబెట్టి గొర్రె అక్కడికి పరిగెత్తింది.

"రా అక్కా, రా! నీకోసమే చూస్తున్నాం" అంటూ నక్క వేదిక ఎక్కించింది.

"తమ్ముడూ, పిల్ల వణికిపోతోంది. ఆ కంబళి..."

"సోదరులారా! ఒంటిమీది ఉన్ని ఒలిచి ఇచ్చిన ఈ తల్లికి 'ఉన్నిదాన శిఖామణి' బిరుదు!"

చప్పట్లే చప్పట్లు.

"బిరుదొద్దయ్యా, కంబళి ఇప్పించు!"

"విన్నారా? ఎంత వినయం!" మళ్ళీ చప్పట్లు.

వెనక నుంచి ఎద్దు లేచింది. "అల్లుడూ, ఒకటి ఇచ్చేస్తే పోలా?"

"అదేం మాట మామా! కంబళ్ళు పేదలకి. దాత చెయ్యి చాస్తే ముష్టిదంటారు. ఈ మహాతల్లి పరువు తియ్యమంటావా?"

"అదీ నిజమేలే" అని ఎద్దు కూర్చుంది.

గొర్రె అప్పుడే గొంతు చించుకుని అరవాల్సింది. పాపం, ముష్టి అన్న మాటకి నోరు పడిపోయింది. తల వంచి దండ వేయించుకుంది.

తర్వాత పెద్దలకి సన్మానం. ఒక కంబళి తోడేలుకి కప్పారు, ఒకటి అడవిపందికి. ఇంకోటి, సిగ్గులేకపోతే సరి, ఒంటినిండా బొచ్చున్న ఎలుగుబంటికి! నాలుగోది నక్కే కప్పించుకుంది. పేదలకి తలా ఒక రేగుపండు చేతిలో పెట్టి పంపించారు.

గొర్రె ఇంటికొచ్చేసరికి పిల్ల బిగుసుకుపోయి ఉంది. ఎంతసేపు నాకినా కదల్లేదు.

మర్నాడు సంఘమంతా పరామర్శకి తరలివచ్చింది. నలుగురు పెద్దలూ కంబళ్ళు బిగించి కప్పుకుని ముందు వరసలో నిలబడ్డారు.

"శిఖామణి గారి బిడ్డ మృతికి సంఘం తరఫున రెండు నిమిషాలు మౌనం" అంది నక్క గొంతు బొంగురు చేసుకుని.

గొర్రె తన ఉన్ని వంకే చూస్తూ నిలబడింది. ఇప్పుడు అరిచినా ఏం లాభం? ఎద్దు మాత్రం తల ఎత్తలేకపోయింది.

నీతి: నిన్ను దాతవని ఆకాశానికెత్తేవాడు, రేపు నువ్వు చెయ్యి చాచే దారి మూసేస్తున్నాడు, జాగ్రత్త.