మూకుట్లో మూరెడు జువ్వి

ఏటికొండ అడవిలో చెట్టున్నవాళ్లకే సభలో మాట. కొండముచ్చుకి చింతచెట్టు ఉంది, ఎలుగు పెద్దకి తేనెపట్ల మద్దిచెట్టు ఉంది, ఆఖరికి అడవిపందులు కూడా రోజూ కింద పడుకుంటాయి కాబట్టి ఇప్పచెట్టు తమదనేశాయి. మాట్లాడేవాళ్లు తమ చెట్టు నీడన కూర్చోవాలి. వినేవాళ్లు అక్కడికే రావాలి, పైగా వాళ్ల తలలు ఆ చెట్టు కొనకంటే కిందనే ఉండాలి. అది మర్యాదట! ఇన్ని మర్యాదలూ పెట్టినవాడు నక్క కరణం.

తాబేలు బండమ్మకి చెట్టు లేదు. ఆమెకున్నదల్లా ఏటి ఒడ్డున పరుపుబండ పక్కన ఇసకమేట. ఏటా చలికాలం అందులో గుడ్లు పెట్టేది. ఏటా పందులొచ్చి ఆ ఇసకలో పొర్లి గుడ్లన్నీ చితక్కొట్టేవి. మూడేళ్లు ఓర్చుకుంది. నాలుగో ఏడు సభకి వెళ్లింది.

"పెద్దాయనా, నా గుడ్లు ఒక్కటీ దక్కనివ్వట్లేదు. ఆ మేట మీదికి పందుల్ని రావద్దని చెప్పండి."

ఎలుగు పెద్ద నోరు తెరిచేలోపే నక్క అడ్డం వచ్చాడు. "నీ చెట్టేదమ్మా?"

"చెట్టెక్కలేనిదాన్ని. నాకు చెట్టెందుకు కరణంగారూ?"

"మరి నీకు మాటెందుకు?"

సభంతా ఘొల్లున నవ్వింది. పందులైతే పడీపడీ నవ్వాయి. బండమ్మకి ఒళ్లు మండిపోయింది.

"ఏది చెట్టో అదీ చెప్పండి, వినిపోతా."

"కాయ కాయాలి. నీకు నీడ ఇవ్వాలి. అంతే!" అన్నాడు నక్క, చిటికేసినంత తేలిగ్గా.

"చెట్టుతోనే పిలుస్తా మిమ్మల్ని. కాసుకోండి," అని వెనక్కి తిరిగింది. ఆ నడకతో ఇల్లు చేరేసరికి పొద్దు వాలింది. కోపం మాత్రం వాలలేదు.

పశువుల కాపరులు పారేసిన ఓటి మూకుడొకటి పరుపుబండ మీద పడి ఉంది. అందులో ఏ పిట్ట రెట్టలోంచి పడిందో, మర్రిలా పెద్ద మానయ్యే జువ్వి మొక్క ఒకటి మొలిచింది. ఒడ్డున నాటితే వరద ఊడ్చుకుపోతుంది. మూకుట్లో ఉంటే వరదొచ్చినప్పుడు వీపుతో నెట్టి గట్టెక్కించొచ్చు. కానీ మాను మూకుట్లో పట్టదుగా! 'పట్టేట్టు నేనే పెంచుతా,' అనుకుంది బండమ్మ.

మొదటి ఏడు మొక్క తల కొరికేసింది. మొదలు లావెక్కింది. తొలకరి పడగానే మట్టిగడ్డ పైకి లేపి, వేళ్లలో మూడో వంతు కొరికి, మళ్లీ కూర్చోబెట్టేది. మొక్కై వంగనిది మానై వంగునా అని, లేత కొమ్మలకు తీగ కట్టి, తీగకు గులకరాయి వేలాడదీసింది. తీగ బెరడును ఒరుసుకుంటే విప్పి మరో చోట కట్టేది. ఒక ఏడు తొందరపడి ఎక్కువ బరువు కట్టింది, మంచి కొమ్మ ఫెళ్లున విరిగింది. ఆ రోజు తిండి సయించలేదు. మర్నాడు పక్క కొమ్మతో మళ్లీ మొదలుపెట్టింది.

ఆ ఏళ్లలోనూ పందులు పొర్లుతూనే ఉన్నాయి, గుడ్లు చితుకుతూనే ఉన్నాయి.

ఆరో ఏటికి చెట్టు మూరెడెత్తుంది, మొదలు మాత్రం ముసలి మానులా ముడతలు పడింది. కొమ్మలు మూకుడు దాటి కిందికి వాలాయి. రెండే లోపాలు. కాయ పట్టలేదు. పైకొమ్మలు ఆమెకు అందవు కాబట్టి అక్కడి ఆకులు తమలపాకులంత పెరిగి, నాలుగంటే నాలుగు వేలాడుతున్నాయి. కింద తను కొరికిన చోటల్లా చిన్న ఆకులు గుబురుగా వచ్చాయి.

ఈ సంగతి నక్క చెవిన పడింది. "పొట్టివాడికి పుట్టెడు బుద్ధులని ఊరికే అన్నారా!" అని పళ్లు కొరికాడు. దసరా వెళ్లిన వారానికి, మంద తప్పి తిరుగుతున్న మేకనొకదాన్ని పిలిచి పరుపుబండ దారి చూపించాడు.

బండమ్మ ఏట్లోంచి వచ్చేసరికి చెట్టు మోడు. ఒక్క ఆకు లేదు. మేక పక్కనే నెమరేస్తోంది.

"ఎంత పని చేశావే పాపిష్టిదానా! ఆరేళ్ల కష్టమే!"

"నన్నంటావేం పిన్నీ? కరణంగారే మేయమన్నారు. మేక మేసిన మొక్క ఎదగదు, దాని పీడ విరగడవుతుందన్నారు."

బండమ్మకి కళ్లనీళ్లు ఆగలేదు. గోటితో బెరడు గీరి చూసింది. తెల్లగా పాలు ఉబికాయి. ప్రాణం ఉంది! అప్పుడు మేక మాట మళ్లీ చెవిలో ఆడింది. మేక మేసిన మొక్క ఎదగదు. 'ఎదగకూడదనే కదా ఆరేళ్లుగా నా అవస్థ! పైకొమ్మలు అందక నేను చెయ్యలేని పని, కరణం కూలి లేకుండా చేయించాడు.'

"పోనీలే అమ్మా," అంది కళ్లు తుడుచుకుని. "వెళ్లి మీ కరణంగారితో చెప్పు, ఆకు లేకుండా నున్నగా మేశానని."

"నిజమేగా, అలాగే చెబుతా," అని మేక గంతులేస్తూ పోయింది.

కార్తీకం చివర సభ కూడింది. బండమ్మ నడిమధ్యకి వచ్చి నిలబడింది. "నాకు చెట్టుంది. వచ్చి చూడండి."

ఎవరు పిలిచినా 'పెద్దాయనకి తీరిక లేదు' అని ఆపే నక్క, ఈసారి తనే ముందు లేచాడు. "పదండి, పదండి! పిల్లాజెల్లా అందరూ రండి. బండమ్మ మహావృక్షం చూసొద్దాం!"

అడవంతా పరుపుబండ దగ్గరికి తరలింది. ముందు నడుస్తున్న నక్క టక్కున ఆగిపోయాడు.

మేసిన ప్రతిచోటా రెండేసి రెమ్మలొచ్చాయి. రెమ్మ రెమ్మకీ గోరంత ఆకులు. ఆకుల సందున జువ్వికాయలు, బఠాణీ గింజలంత. బండమ్మ మెల్లగా వెళ్లి వాలిన కొమ్మ కింద కూర్చుంది. వీపంతా నీడ.

"ఇది... ఇది చెట్టేమిటి! మూరెడు లేదు!" అన్నాడు నక్క.

"ఎత్తు సంగతి మీరు చెప్పలేదు కరణంగారూ. కాయ, నీడ అన్నారు. ఇదిగో కాయ, ఇదిగో నీడ."

ఎలుగు పెద్ద వంగి ఒక కాయ కోసి నోట్లో వేసుకున్నాడు. "జువ్వికాయే," అన్నాడు. "చెట్టే!"

"అయితే నేను మాట్లాడతా. మర్యాద ప్రకారం వినండి. తలలన్నీ నా చెట్టు కొన కిందికి!"

ఎలుగు పెద్ద నడుం పట్టుకుని మూలుగుతూ బోర్లా పడుకున్నాడు. కొండముచ్చు చతికిలబడి తల మోకాళ్ల మధ్య దూర్చాడు. పందులు మోరలు ఇసకలో పెట్టాయి. నక్క మెల్లగా పొదవైపు జారబోయాడు.

"కరణంగారూ! ఆ మర్యాద తమరు పెట్టిందే. పడుకోండి."

నక్క గడ్డం నేలకానించాడు. బండమ్మ తొమ్మిదేళ్లుగా దిగమింగిన మాట ఆ నీడలో కూర్చుని చెప్పింది, ఏ ఏడు ఎన్ని గుడ్లు పోయాయో ఒక్కటీ వదలకుండా. చెప్పడం అయ్యేదాకా ఒక్క తలా లేవలేదు. ఇసకమేట జోలికి పందులు పోకూడదని ఎలుగు పెద్ద పడుకునే తీర్పు చెప్పాడు. ఆ చలికాలం బండమ్మ గుడ్లు ఒక్కటీ చితకలేదు.

ఎదుటివాళ్ల నోరు నొక్కాలని కొలత పెట్టినవాడు, ఏదో ఒకనాడు ఆ కొలతకే తల వంచాలి.